ఇచ్చట జాలి వేయబడును

జాలీ బాబాయ్ అసలు పేరు టీకొట్టు దగ్గర ఎవరికీ తెలియదు. కిటికీలకు దోమల జాలీలు బిగించడం ఆయన పని. ఆయన కొట్టు ముందు బోర్డు రాసిన పెయింటరు దీర్ఘం మింగేసి "ఇచ్చట కిటికీలకు జాలి వేయబడును" అని రాసి చక్కాపోయాడు. అది చదివి నవ్వని మనిషి లేడు. బాబాయ్ మాత్రం దాన్ని దిద్దించలేదు. నవ్వినవాడు ఆగుతాడు, ఆగినవాడితో కాసేపు మాట్లాడొచ్చు, అదీ ఆయన లెక్క.

భార్య పోయినప్పటి నుంచి ఇంట్లో ఆయన ఒక్కడే. పగలు పనిలో ఎలాగో గడిచిపోతుంది. సాయంత్రం వచ్చి టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాక, అక్కణ్నుంచి లేచి ఇంటికి పోవాలంటేనే ఆయనకి భయం. కథ నడుస్తున్నంతసేపూ జనం ఉంటారు, కథ అయిపోతే ఎవరిళ్లకు వాళ్లు పోతారు. అందుకని ఆయన కథలు ఒక పట్టాన అయ్యేవి కావు. వినేవాళ్లలో ఎవరి కాలు చెప్పుల కోసం తడుముకున్నా సరే, కథ ఇంకో అంతస్తు లేచేది.

ఆ రోజు బెంచీ మీద టైలరు, బస్సు కండక్టరు, బాబాయ్ ఎదురింట్లోకి కొత్తగా దిగిన ఇస్త్రీ అతను ఉన్నారు. అప్పుడే వాన వెలిసింది. పొడుగుకాళ్ల దోమ ఒకటి టీకొట్టు బల్బు చుట్టూ తూలుతూ తిరుగుతుంటే కండక్టరు హడలిపోయి భుజం మీది తువ్వాలు తీశాడు.

"దాన్నెందుకు కొడతావ్ నాయనా," అన్నాడు బాబాయ్. "ఆ కాళ్లు చూసి భయపడతారు గానీ అది కుట్టదు. కుట్టే నోరే లేదు దానికి. వీటితోనే కదా, టీచరమ్మ ఇంట్లో నాకు పెద్ద యుద్ధమే అయింది. చెప్పానా మీకు?"

చెప్పలేదని టైలరు అబద్ధమాడాడు. అతని గ్లాసులో టీ ఇంకా సగం ఉంది.

"వానలు పడ్డాయంటే చాలు, ఆవిడ పెరట్లో గడ్డిలోంచి ఇవి లేచొచ్చి గోడల నిండా వేలాడేవి. ఆవిడేమో ఇవి దోమలకి పెద్దన్నయ్యలు, కుడితే గ్లాసుడు రక్తం పోతుందని మంచం దిగేది కాదు. నేను వెళ్లాను. జాలీ ఎవడైనా కొడతాడయ్యా, సందు కనిపెట్టడంలో ఉంది పనితనమంతా. తలుపు కింద వెలుతురు కనబడిందా, అక్కడో రబ్బరు పట్టీ. బాత్రూం తూముకి మూత. వాకిట్లో తెల్ల బల్బు పీకి పసుప్పచ్చది పెట్టించాను, తెల్లదానికి ఎగబడినట్టు పురుగు దానికి ఎగబడదు. ఇక కిటికీలకి నా చేత్తో జాలీ లాగి బిగించాను. తెల్లారేసరికి ఇంట్లో పురుగన్నది లేదు. సరే, ఇంతవరకూ ఎవడైనా చేస్తాడనుకోండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పురుగులు మళ్లీ వచ్చాయి," అన్నాడు కండక్టరు.

"పురుగులా? దుమ్మే రాలేదు. నా జాలీ అంత బిగువు మరి. టీచరమ్మ చీపురు పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. పక్కింట్లో మిరపకాయలు వేయించినా ఈవిడకి తుమ్ము రాదు. వీధిలో కుక్క మొరిగితే, మొరుగు బయటే ఆగిపోయి దాని నోరు ఆడటం మాత్రం లోపలికి కనబడేది."

"కోశావులే," అన్నాడు టైలరు, టీ ఆఖరి గుక్క తాగి. అతని కాలు బెంచీ కిందకి పోయింది.

బాబాయ్ ఆ కాలు చూశాడు.

"ఆగవయ్యా, అసలు కథ ఇప్పుడే కదా. పున్నమి వచ్చింది. వెన్నెల జాలీలోంచి దూరలేక, జల్లెడ పట్టినట్టు పొడి పొడిగా రాలింది. పొద్దున చూస్తే గుమ్మం నిండా తెల్లటి పిండి. టీచరమ్మ చేటతో ఎత్తి డబ్బాలో పోసుకుంది. కరెంటు పోయినప్పుడల్లా చిటికెడు తీసి గదిలో చల్లుకునేది, హాయిగా పేపరు చదువుకునేది."

"ఆ పొడి నాకూ కొంచెం ఇప్పించు, అద్దె కొట్లో కరెంటు ఎప్పుడూ ఉండదు," అన్నాడు టైలరు. కానీ కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇదంతా చూసి ఆ పొడుగుకాళ్ల జాతికి ఒళ్లు మండింది. ఎక్కడెక్కడివో కూడబలుక్కుని వచ్చాయి. వచ్చి ఏం చేశాయి? కాళ్లూ కాళ్లూ పెనవేసుకుని ఇంటికి నాలుగు వైపులా తాళ్లలా చుట్టుకున్నాయి. ఒక్కసారి ఎగిరాయి చూడు, ఇల్లు పునాదితో సహా లేచింది. టీచరమ్మ కిటికీలోంచి నన్ను పిలుస్తోంది, ఆ పిలుపు జాలీ దాటి బయటికి రాదాయె. ఊరికే నోరు కదులుతోంది. నేను పరిగెత్తి గడప పట్టుకుని వేలాడాను. కింద మన బస్టాండు అగ్గిపెట్టెలా కనబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాటిలో పెద్దది నా ముందుకొచ్చి నిలబడింది. మా నోట్లో మట్టి కొట్టావు గదయ్యా అంది."

"నోరే లేదన్నావుగా?" అన్నాడు కండక్టరు.

"కాళ్లతో సైగ చేసిందయ్యా. నాకు వాటి భాష వచ్చు." బాబాయ్ బల్బు వైపు చూశాడు. "మేం నీకేం అపకారం చేశాం అంది. కుట్టామా, కరిచామా? లోపల దీపం కనబడుతుంది, వస్తాం. వచ్చి గోడ మీద కాసేపు కూర్చుంటాం. అంతేగా?"

టీకొట్టు అక్క స్టవ్ ఆపేసింది. కండక్టరు లేచి నిలబడి ఒళ్లు విరుచుకున్నాడు. బాబాయ్ గబగబా అందుకున్నాడు.

"సంధి కుదిరింది. ఇల్లు తెచ్చి ఎక్కడిదక్కడ దింపేశాయి, వంటింట్లో పాలగిన్నె కూడా తొణకలేదు. ఆ రోజు నుంచి నా చెయ్యి పడిన ఇంటి వైపు పురుగు కన్నెత్తి చూడదు. నేను వీధిలో నడుస్తుంటే దోమలు పక్కకి తప్పుకుంటాయి. నా నీడ పడిన గోడ మీద బల్లి బతకలేక వలసపోతుంది, తినడానికి ఏమీ దొరకదు కదా."

అంతసేపూ నోరు విప్పని ఇస్త్రీ అతను అప్పుడు మాట్లాడాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"మరి మీ ఇంటికే జాలీ లేదేం బాబాయ్? చీకటి పడగానే లైటేసి కిటికీ రెక్కలు బార్లా తీసిపెడతారు. మా వాకిట్లోకి కనబడుతుంది, గోడ నిండా ఈ పొడుగుకాళ్లవే. నిన్న మీ మాటలు వినబడితే ఎవరో చుట్టాలొచ్చారనుకున్నాం. చూస్తే మీరొక్కరే, గోడకేసి తిరిగి మాట్లాడుతున్నారు."

టైలరు ఒళ్లో చేతులు పెట్టుకుని, ఇప్పుడెలా తప్పించుకుంటాడో చూద్దామని సర్దుకు కూర్చున్నాడు. కండక్టరు కూడా మళ్లీ కూలబడ్డాడు. బాబాయ్ నోరు తెరిచాడు. ఇల్లెత్తుకుపోయిన కథ చెప్పిన నోటికి చిన్న కోత ఒక్కటి దొరకలేదు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"జాలీ వేస్తే," అన్నాడు చివరికి, "మా ఇంటికి ఇంకెవరొస్తారయ్యా?"

బెంచీ బెంచీ అంతా ఘొల్లుమంది. నవ్వి నవ్వి కండక్టరుకి కళ్లలో నీళ్లొచ్చాయి. "ఇందాకటి కోతలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు," అని టైలరు ఆయన వీపు మీద చరిచి, ఇంతకన్నా వినేదేం లేదని చెప్పులు తొడుక్కున్నాడు. కండక్టరు అతని వెంటే నడిచాడు. వాళ్ల నవ్వు వీధి మలుపు దాకా వినబడింది. నవ్వకపోతే బాగుండదని బాబాయ్ కూడా నవ్వాడు.

ఇస్త్రీ అతను మాత్రం నవ్వలేదు. అనవసరంగా అడిగానని తెలిసి, ఖాళీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. అక్క బెంచీలు లోపల పెట్టుకోవాలంది. అతనూ లేచాడు, ఇంట్లో అన్నానికి చూస్తుంటారు.

"వస్తాను బాబాయ్," అన్నాడు, లేచివెళ్లే ఎవరైనా అనే మాటే.

"ఎప్పుడొస్తావ్?" అని అడిగాడు బాబాయ్.