అద్దాల తలుపు కాడ

సిద్దిపేటలో బట్టల దుకాణం కట్టేసే వేళ. పెళ్లిరోజుకు హైదరాబాద్‌లో రెండు రోజులు ఉండి వద్దామని భార్య ఫోన్లో పెద్ద పెద్ద హోటళ్లు చూపిస్తోంది.

"గా హోటల్ వద్దు. ఇంకోటి చూడు," అన్నాడతను.

"అన్నిట్ల మంచిగున్నది గదేనాయె. ఎందుకొద్దు?"

"కిరాయి ఎక్కువ."

"ఇంతకుముందు నువ్వు మెచ్చినదానికి ఇంకా ఎక్కువుండె. అసలు సంగతి చెప్పు."

అతను మడతపెట్టిన చీరనే విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"గాడ తలుపు కాడ పాగ కట్టుకొని నిలబడేది మా అన్న. దసరాకు జమ్మాకు చేతుల వెట్టి కాళ్లు మొక్కుత గాయనకు. గాయన నాకు తలుపు తీసి సలాం కొట్టాలెనా?"

"గంతేనా? మనతోని నీ దోస్తులొస్తున్నరు. వాళ్లకు మీ అన్న గాడ మేనేజరని చెప్పినవు, గందుకు గాదా?"

అతను చీరను అరలోకి తోశాడు.

"నువ్వైతే అన్నకు ఏం చెప్పకు."

"పొద్దుగాల బావనే ఫోన్ చేసిన్రు. గా హోటల్లనే దిగున్రి, మంచిగుంటదన్నరు. గా రెండు దినాలు సెలవు వెట్టుకుంటరట."

"సెలవెందుకు?"

"దోస్తుల ముంగట తమ్ముడు తల వంచుకోవద్దని."