అడగడానికి ముందు అడిగిన మాట

“నువ్వు లేచి నిలబడ్డావంటే మీ నాన్న పని పోతాది. నాకు ముందే తెలుస్తంది.”

ప్లాంటు కాలనీ సెక్టర్ 2 పక్క తెలుగువాళ్ల బస్తీలో, మంత్రిగారి సభకొచ్చిన తల్లీ కూతుళ్లు షామియానా కింద కూర్చున్నారు.

“డిస్పెన్సరీకి డాక్టరెప్పుడొస్తాడని అడుగుతానమ్మా. అందులో డర్ ఏటి, భయపడడానికి?”

“మంత్రి పక్కన సఫారీ వేసుకున్నోడెవడు? మీ నాన్నని పనిలో పెట్టుకున్న ఠేకేదారు కాడూ!”

“పర్మినెంటు వాళ్లకి ప్లాంటు ఆస్పత్రుంది. కాంట్రాక్టోళ్లకి ఏటుంది? నాన్న దగ్గు వింటున్నావా లేదా?”

“వింటన్నాను గనకే భయం. డాక్టరు మాట వద్దు. ‘ఆరోగ్యంగా ఉన్నారా బాబూ’ అని మంత్రిగారినడిగి కూర్చో.”

“ఆయనకి భోపాల్‌లో బోలెడుమంది డాక్టర్లున్నారు.”

“నీ హిందీ వింటే తిట్టినట్టుంటాది. ఉండు, నేనే అడుగుతాను.”

“నువ్వా? నీ హిందీ ఎవరికర్థమవుతుంది?”

“భయపడినోళ్ల హిందీ అందరికీ అర్థమవుతాది.”

తల్లి కొంగు నిండా కప్పుకుని మైకు దగ్గరికి వెళ్లింది. చేతులు జోడించి, వచ్చీరాని హిందీలో అడిగింది.

“సాబ్, డిస్పెన్సరీలో డాక్టరు ఎందుకు లేడని అడిగితే మా ఆయన పని పోతాదా?”

మంత్రి ఠేకేదారు వైపు చూశాడు. ఠేకేదారు తన బూట్ల వైపు చూసుకున్నాడు. జనమంతా ఠేకేదారునే చూస్తున్నారు. తల్లి చేతులు దించలేదు.

చివరికి ఠేకేదారు లేచి నిలబడ్డాడు.

“పోదు బెహన్‌జీ. అందరి ముందూ చెప్తున్నాను, పోదు. డాక్టరు సంగతి మాత్రం మంత్రిగారే చెప్పాలి.”