ఉబ్బని ఎండుద్రాక్షలు

వోల్గా ఒడ్డున చిన్న ఊరు. శనివారం మధ్యాహ్నం, గ్రంథాలయం వెనకగది. రొట్టె నానేసి పులియబెట్టే క్వాస్ పానీయమంటే సరదా ఉన్నవాళ్ళు వారానికోసారి ఇక్కడ కలుస్తారు. భార్య గ్లఫీరా పోయాక, పడవల మెకానిక్‌గా రిటైరైన దెమ్యాన్ లుకిచ్ వారం మొత్తమ్మీద మనుషులతో మాట్లాడేది ఈ గంటన్నరే. మండలి నడిపే రైసా ఫిలిప్పొవ్నా ఆయన తెచ్చిన సీసా వంక చూస్తోంది.

“ఒక్క చెంచాడు అడుగు మడ్డి ఇవ్వండి చాలు. నాది ఎండకి చచ్చింది. పాత మడ్డి వెయ్యందే కొత్తది సరిగ్గా పులవదు కదా.”

“ఇద్దాం లెండి, రైసా ఫిలిప్పొవ్నా. ఇవ్వకేం. మిగతావాళ్ళు రానీండి.”

“పోయిన వారమూ ఇదే అన్నారు.”

“అన్నానా? మూడున్నర అవుతోంది. కపితొలీనా గారు ఈ వారమూ రాలేదేం?”

“తోటలో దోసకాయలు దిగుతున్నాయట.”

“ఆ గడ్డం ప్లతోన్?”

“మోకాలు. మోకాలంటున్నాడు. సీసా ఇలా ఇవ్వండి.”

“కదపకండి, కదపకండి. మా గ్లఫీరా అయితే ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.”

“ఆవిడ చేతి క్వాస్ సంగతి ఊరంతా ఎరిగిందే. అందుకే అడుగుతున్నా. ఆవిడ మడ్డి బతికున్నది మీ ఇంట్లోనే.”

“ఉంది. బాగానే ఉంది. రొట్టెముక్క వేస్తున్నా, చక్కెర వేస్తున్నా.”

“దెమ్యాన్ లుకిచ్.”

“ఏమండీ?”

“ఇందులో అడుగున మడ్డే లేదు.”

“వడకట్టాను. రెండుసార్లు వడకట్టాను.”

“పొంగు కోసం వేసిన ఎండుద్రాక్షలు చూడండి. మూడు రోజులు నానితే బొద్దుగా ఉబ్బాలి. వీటికి ముడతలు కూడా పోలేదు. ఎప్పుడు వేశారు?”

“వేశాను.”

“ఎప్పుడండీ?”

“మెట్ల మీద.”

“ఏ మెట్ల మీద?”

“ఈ మెట్లేనండి. జేబులో వేసుకొచ్చా.”

“మరి క్వాస్?”

“రేవు దగ్గర క్వాస్ అమ్మే పసుపు పీపా బండి ఉంటుంది చూడండి. ఆ అమ్మాయి సీసా నిండా పోసిస్తుంది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మొదట్నుంచీ. మే నెల నుంచి.”

“మరి గ్లఫీరా గారిది ఏమైంది?”

“ఆవిడ పోయిన తొమ్మిదోరోజు భోజనాలకి మేనకోడలు వచ్చింది. పట్నం పిల్ల. గిన్నెలన్నీ తోమిపెట్టింది, పాపం. కిటికీలో సీసా కూడా. అడుగున మురికి పట్టిందనుకుంది. చుట్టాల్ని సాగనంపి వచ్చేసరికి కడిగి బోర్లించి ఉంది.”

“ఏమీ అనలేదా?”

“ఏమంటాం? మంచికే చేసింది. ఇరవయ్యారేళ్ళు కాపాడిందండీ దాన్ని మా ఆవిడ. నా చేతికొచ్చి పదిరోజులు కూడా ఉండలేదు.”

“అప్పుడే వచ్చి చెప్పాల్సింది. మొదట్నుంచి చెయ్యడం నేర్పేదాన్ని.”

“ఇంట్లో చేసిందే తేవాలని తలుపు మీద రాశారు కదా. చెబితే రానివ్వరేమోనని భయం. ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోతున్నానండీ. రేడియోలో వాతావరణం చెప్పే ఆవిడకి జవాబులు చెబుతున్నాను.”

“ఏమని?”

“ఇక్కడ వాన లేదమ్మా అని.”

“దెమ్యాన్ లుకిచ్...”

“జాలిపడకండి. నియమం నియమమే. రిజిస్టర్లో నా పేరు కొట్టెయ్యండి. వాళ్ళు వచ్చేలోగా వెళ్ళిపోతాను. వాళ్ళ ముందు మాత్రం ఈ సంగతి ఎత్తకండి.”

“కూర్చోండి.”

“నామోషీగా ఉందండీ.”

“కూర్చోమంటున్నాను. ఎవరూ రారు.”

“అదేంటి, దోసకాయలనీ, మోకాలనీ...”

“నేను కల్పించినవే. మానేస్తున్నామని మూడు వారాల కిందటే అందరూ ఫోన్ చేసి చెప్పేశారు. రిజిస్టర్లో మిగిలింది మీ పేరొక్కటే, అదీ కొట్టేస్తే శనివారం వస్తే నేనెక్కడికి పోను?”