మిద్దె మీద సుద్దగీతలు

దేవరాజును కన్న జ్ఞానమ్మకు, ఎండలో నిలబడిన అక్కలకు, అన్నలకు, ముందు కుర్చీల్లో కూర్చున్న రెండు పార్టీల పెద్దలకు నమస్కారం. దేవరాజును పోగొట్టుకుని తొమ్మిది రోజులైంది. ఇంతమంది వచ్చారు. ఎందుకు వచ్చారో నాకు అంతుపట్టనివాళ్ళు కూడా వచ్చారు, అందుకే నాకు భయంగా ఉంది. అయినా మాట్లాడతాను. ఈ అనంతరామయ్య సారు నోరు మూసుకున్నాడని రేపు ఎవరూ అనకూడదు.

జమ్మలమడుగులో మోటార్లు బాగుచేసే దేవరాజు, నా దగ్గర చదువుకున్నవాడు. మన తాగునీటి బోరుకు ఈ పంచాయతీ మిద్దె మీద పన్నెండు సోలార్ పలకలు బిగించాడు. నెల తిరక్కముందే దీనికి తూర్పున ఒక పార్టీ జెండా దిమ్మె మిద్దెను మించి లేచింది. రెండో పార్టీ ఊరుకుంటుందా? పడమర మూరెడు ఎత్తు ఎక్కువ లేపింది. వీళ్ళొక ఫ్లెక్సీ కడితే వాళ్ళు అంతకంటే పెద్దది కట్టారు. పొద్దున ఒకరి నీడ, సాయంత్రం ఇంకొకరి నీడ. మోటారు రెండు గంటలు తిరిగితే గొప్ప. బిందెల దగ్గర మన ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు, మరిచిపోయారా?

దేవరాజు ఒక రోజంతా ఆ మిద్దె మీద కూర్చున్నాడు. గంటగంటకూ నీడ అంచు వెంట సుద్దముక్కతో గీత గీశాడు. పక్కన టైము రాశాడు, ఎవరి ఫ్లెక్సీ నీడో అదీ రాశాడు. ఎందుకురా అంటే నవ్వాడు. "ఒక పలక మీద నీడ పడితే దాంతో కలిపిన వరసంతటి కరెంటూ పడిపోతాది సార్. అన్నీ ఒకే వరసలో కలపడం నేను చేసిన తప్పు" అన్నాడు. పొద్దున నీడ పడేవి ఒక వరస, సాయంత్రం పడేవి ఒక వరస, నీడ తగలనివి ఇంకొక వరస చేసి, దేని కరెంటు దానికి విడిగా మోటారు పెట్టెకు కలిపాడు. మరునాటి నుంచి నాలుగింటిదాకా నీళ్ళు వచ్చాయి.

అప్పుడు రెండు పార్టీలవాళ్ళూ విడివిడిగా పిలిపించారు. తప్పంతా అవతలి నీడదేనని రాసిమ్మన్నారు. "కొలిచింది కొలిచినట్టే చెప్తానప్పా. మీదీ చెప్తా, వాళ్ళదీ చెప్తా" అన్నాడు. ఇద్దరికీ అదే జవాబు.

ఎన్నికలొచ్చాయి. ఫ్లెక్సీలు రెండింతలయ్యాయి. మూడు వరసల మీదా నీడే. ఇక ఏ తీగ మార్చినా లాభం లేదని, ఫ్లెక్సీలు తీయించమని పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. సోమవారం ఆఫీసరు వస్తే చూపించడానికి, ఆదివారం చర్చి అయ్యాక కొత్త గీతలు గీయడానికి మిద్దె ఎక్కాడు. సాయంత్రం నిచ్చెన కింద దొరికాడు.

కాలు జారిందన్నారు. సరే, జారింది. సోమవారం పొద్దున్నే నేను మిద్దె ఎక్కాను. ఒక్క గీత లేదు. మిద్దె ఇంకా తడిగా ఉంది. బిందె నీళ్ళకు కొట్టుకునే ఊళ్ళో, అయ్యా, మిద్దె కడిగే నీళ్ళు ఎవరింట్లో ఉన్నాయి?

 అందుకే ఈరోజు పొద్దున్నుంచి ఆ గీతలు మళ్ళీ గీస్తున్నాను. నాలుగు గంటల గీత ఒక్కటే మిగిలింది. సుద్దముక్క నా జేబులో ఉంది. ఆ సోమవారం రాని ఆఫీసరు రేపు వస్తానన్నాడు.

అందరూ లేచి రెండు నిమిషాలు దేవరాజు కోసం మౌనంగా నిలబడండి. తలలు మాత్రం దించకండి. నేను ఆ నిచ్చెన ఎక్కుతున్నాను, మళ్ళీ దిగేదాకా నన్నే చూస్తూ ఉండండి.