ఏడవమని అడగని అయ్యవారు

1997 జూన్ 16, సోమవారం నాడు ఒక్క గుడ్డసంచీతో శింగనమలలో బస్సు దిగి, మన వసతి పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయులుగా చేరిన శ్రీ నైజెల్ థార్న్‌టన్ గారు, ఇరవై ఎనిమిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. "ఈ దొర మూడు నెలలుంటే గొప్ప" అని ఆనాడు పందెం కాసినవాడు, ఈ వ్యాసం రాస్తున్న జీపు డ్రైవరు జయరాముడే. ఓడినందుకు నేటికీ సంతోషమే.

ఇంగ్లండులో జన్మించిన నైజెల్ గారు ఎనిమిదవ ఏట నుంచి పన్నెండవ ఏట వరకు అక్కడి సినిమాలలో బాలనటులు. అడిగిన తక్షణం కన్నీరు కార్చగలరని ప్రసిద్ధి. గొంతు మారగానే అవకాశాలు పోయాయి, కన్నీళ్లూ పోయాయి. తండ్రి మరణించిన నాడు సైతం కంటతడి రాలేదట. "ఉండేవన్నీ ఆ సినిమావాళ్లకే ఇచ్చేస్తినప్పా" అని ఒకసారి జీపులో అన్నారు.

2003 కరువులో, పిల్లలకు పడకగదులు కట్టిస్తామన్న విదేశీ దాతలు ప్రచార చిత్రం తీయించడానికి బృందాన్ని పంపారు. వాళ్లు తొమ్మిదేళ్ల కృపాకుమారి చెప్పులు విప్పించి, ఖాళీ బిందె చేతికిచ్చి, చనిపోయిన నాయనను తలచుకుని ఏడవమన్నారు. అయ్యో, ఆ మాటను తెలుగులో పాపకు చెప్పినవాడూ ఈ జయరాముడే! నైజెల్ గారు పరుగున వచ్చి కెమెరాకు అడ్డం నిలబడ్డారు.

"చెప్పులేసుకో పాపా. పోయి అన్నం తిను."

"బిల్డింగు పోతాది సార్! పిల్లోల్లు వరండాలో పండుకుంటాండారు!" అన్నాడు జయరాముడు.

"పోతే పోనీప్పా. ఆ పాప ఏడుపు ఆ పాపది."

పోనే పోయింది. ఆరేళ్లపాటు పిల్లలు వరండాలోనే పడుకున్నారు, వారి మధ్యనే చాప పరచుకుని నైజెల్ గారూ పడుకున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషని జయరాముడు నైజెల్ గారిని పదిమందిలో ఎత్తిపొడిచి, రెండు నెలలు మాటలు మానేశాడు. 2009లో తల్లిదండ్రులే రాళ్లు మోసి గదులు కట్టారు. 2012లో ప్రధానోపాధ్యాయులైన నైజెల్ గారు ఏనాడూ ఆ ఎత్తిపొడుపు గుర్తుచేయలేదు. ఆనాటి మాటను జయరాముడు ఈ సంచిక సాక్షిగా వెనక్కి తీసుకుంటున్నాడు.

నేడు వారి తరగతిని అందుకుంటున్నది ఉపాధ్యాయిని కృపాకుమారి. గతవారం ఈ సంచికకు ఫొటో తీస్తూ "సార్, రోంత నగండి" అని నవ్వమన్నాడు ఫొటోగ్రాఫరు.

"అడగొద్దన్నా," అంది కృపాకుమారి. "సారుకు నగు వొస్తే నగుతారు. లేకుంటే లేదు."

నైజెల్ గారి కళ్లు నిండాయి, కన్నీళ్లు చెంపల మీదికి జారాయి. తుడుచుకుంటే మళ్లీ తీస్తానన్నాడు ఫొటోగ్రాఫరు. వారు తల అడ్డంగా ఊపారు. ముఖపత్రం మీద ఉన్నది ఆ కన్నీళ్ల ఫొటోయే.

నైజెల్ గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు మన మధ్యనే వర్ధిల్లాలనీ, నవ్వైనా కన్నీరైనా ఇకమీదట ఎవరూ అడగకుండానే వారిని వెతుక్కుంటూ రావాలనీ మనసారా కోరుకుంటున్నాం.