ఎర్ర జేబులో తాళంచెవి

ఆ తాళంచెవి బల్ల మీద పెట్టి ఇలా కూర్చో తల్లీ. అది ఎవరి లారీదో చెప్తాలే, తొందరేముంది. ఎవరింటికెళ్ళినా మీ నాన్న ఎలా పోయాడో చెప్తున్నారు గానీ ఎలా ఉండేవాడో చెప్పడం లేదంటావు, అంతేగా? నన్నడుగు. పాతికేళ్ళు లారీ తోలినవాణ్ణి, హైవే మీద ఆయన చేతికి నాకన్నా ఎక్కువసార్లు చిక్కినవాడు లేడు. ఏం నేరం చేశానంటావా? నిద్ర. మధ్యాహ్నం భోంచేసి స్టీరింగు పట్టుకుంటే చాలు, తల తూగేది. మీ నాన్న పోలీసు పెట్రోలింగ్ జీపు వేసుకుని వెనకే వచ్చి ఆపేవాడు. ఫైనూ లేదు, తిట్టూ లేదు. చెయ్యి చాపేవాడు, తాళం ఇచ్చెయ్యాలి. "నిద్రపోవడం తప్పు కాదు బావా, తోలుతూ పోవడం తప్పు. వెళ్ళి ఆ చెట్టు కింద పడుకో" అనేవాడు. ప్రతి డ్రైవరూ ఆయనకి బావే. ఆ లెక్కన నేను నీకు మామయ్యనే, మొహమాటపడకు. పడుకునే ముందు ఒక్క ప్రశ్న అడిగేవాడు, ఇంట్లో మీ ఆవిడ నిన్నేమని పిలుస్తుంది అని. ఎందుకో తెలీక చెప్పేస్తామా, కాసేపటికి జీపు మైకులోంచి సరిగ్గా ఆ పిలుపే వచ్చేది. అంత మీసం పెట్టుకుని ఆడగొంతుతో, నాకైతే, "ఇదిగో, మిమ్మల్నే, పాలు పొంగిపోతున్నాయ్" అని సాగదీసేవాడు. ఉలిక్కిపడి లేచి పొయ్యి ఎక్కడా అని వెతుక్కునేవాణ్ణి. ఒకడైతే నిద్రలోనే "వస్తున్నానే, బట్టలారేస్తున్నా" అన్నాడు, ఒట్టు. ఆ దారిలో వాడికదే పేరు పడిపోయింది, బట్టల బావ అని.

వంటింట్లోంచి మీ అత్తయ్య నవ్వు వినిపిస్తోందా? ఈయనకి పాలు పొయ్యి మీద పెట్టడమే రాదు, ఇంక పొంగేదెక్కడ అంటోంది. అననీ. ఎక్కడున్నాను? ఆఁ, తాళాలు. ఓసారి కోడిపిల్లల లోడు వాణ్ణి ఇలాగే లేపి, కడుపుబ్బ నవ్వించి, ఆ నవ్వులో తాళం ఇవ్వడం మర్చిపోయి ఇంటికెళ్ళిపోయాడు. ఇక్కడ లారీ నిండా పిల్లలు కీచుకీచుమంటుంటే వాడు చుట్టూ తిరుగుతున్నాడు. అక్కడ మీ అమ్మ చొక్కా ఉతకబోతే జేబులో తాళం. "జీతం సంగతి సరే, ఈ లారీ ఎప్పుడు కొన్నారు?" అందట. బనీను మీదే స్కూటరెక్కి వచ్చాడు మహానుభావుడు. మర్నాడే మీ అమ్మ యూనిఫాం లోపలివైపు ఎర్ర గుడ్డతో జేబు కుట్టింది, తాళాలకని. చొక్కా విప్పగానే అదే కళ్ళబడాలి, పైఆఫీసర్లకి మాత్రం కనపడకూడదు. మాకందరికీ బొత్తాం విప్పి మరీ చూపించేవాడు, అంత మురిపెం. నువ్వు పుట్టాక, మా ఇంట్లో ఇంకో గొంతు చేరింది బావా అని మైకులో ఉంగా ఉంగా అని ఏడ్చి వినిపించాడు. లారీలన్నీ వరసగా హారన్లు కొట్టాయి. నీ గొంతు హైవే అంతా వింది తల్లీ.

ఆయన పోయిన రోజూ అంతే. తాళం ఎర్ర జేబులో పడింది, నేను చెట్టు కింద పడ్డాను. అంతలో మలుపు దగ్గర బస్సు టైరు పేలి అడ్డంగా ఆగిందని కబురొచ్చింది. మీ నాన్న వెళ్ళి అందర్నీ దించి రోడ్డు పక్కకి పంపి, ఎర్రజెండా పట్టుకుని తను రోడ్డు మీద నిలబడ్డాడు. ఎదురుగా వచ్చిన ట్యాంకరువాడు కునుకు తీస్తున్నాడు. వాణ్ణొక్కణ్ణీ ఆపలేకపోయాడమ్మా. బస్సులోవాళ్ళందరూ బతికారు. నేను మొహం మీద ఎండపడి లేచాను. లేపకుండా ఎవర్నీ వదిలే మనిషి కాదే అనుకుంటూ రోడ్డు మీదకి పరిగెత్తాను. ఓనరు దగ్గర రెండో తాళం ఉంటే దాంతో లారీ తీశాను. ఇది మాత్రం నాదని మీ అమ్మని అడగలేదు. ఆయన జేబులో ఉన్నది, అడగబుద్ధి కాలేదు. నీ దగ్గరే ఉండనీ.

రేపట్నుంచి నువ్వే ఆ జీపెక్కుతున్నావటగా? మైకు కూడా ఇస్తారుగా? అయితే ఒక పని చెయ్యి. నేనిలా మంచం మీద వాలి కళ్ళు మూసుకుంటాను. మీ అత్తయ్య నన్నేమని పిలుస్తుందో ఇందాక చెప్పానుగా. సిగ్గేంటి, మీ నాన్న మీసం పెట్టుకుని పిలిచేవాడు. ఊఁ... నిద్రపోతున్నా. లేపు తల్లీ.