కుర్చీల మాస్టారి ఎడమ పక్క

మిత్రులారా, విద్యార్థులారా, ముందు వరసలో కూర్చున్న మా మాస్టారి అమ్మాయీ,

ఇంతమంది వచ్చారు. ఆయన పాఠం చెప్పే రోజుల్లోనూ ఇలాగే గది నిండిపోయి, కిటికీల దగ్గర నిలబడి వినేవాళ్లు. ఆయన పోయి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజులూ నాకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఇది దుఃఖం ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవాణ్ని. నేనాయన పక్క గదిలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. నేను చెప్పేది మెదడు పాఠం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఆయన చెప్పింది మనస్తత్వశాస్త్ర చరిత్ర. మామూలుగా పిల్లలు కునుకు తీసే పాఠం అది. ఆయన క్లాసులో ఎవరికైనా కునుకు పట్టిందా? అర్ధచంద్రాకారంలో ఐదు కుర్చీలు వేయించేవారు. "ఈ శాస్త్రానికి వయసు తక్కువ, తగాదాలు ఎక్కువ" అని మొదలుపెట్టేవారు. మొదటి కుర్చీ, మనకే తెలియని కోరికల్లోకి, చిన్నతనంలోకి తవ్వుకుపోయినవాళ్లది. రెండోది, లోపలున్నది ఎవరికి కనబడుతుంది, మనిషి చేసేది చూడండి చాలు అన్నవాళ్లది. మూడోది, మనిషికి తన బతుకు తానే దిద్దుకునే శక్తి ఉందని నమ్మినవాళ్లది. నాలుగోది ఆలోచననూ, జ్ఞాపకాన్నీ, ధ్యాసనూ కొలిచినవాళ్లది. ఐదోది మెదడు, నరాలు. ఏ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఆ కుర్చీ మాటే మాట్లాడాలి. అందుకే మీరంతా ఆయన్ని కుర్చీల మాస్టారు అన్నారు.

ఒక రోజు ఆయన ఒక కేసు చెప్పారు. నలభై ఏళ్ల మనిషి, మెట్లెక్కిన ప్రతిసారీ పైకి వినబడేలా లెక్కపెడుతుంది. ఎందుకు? ఐదు కుర్చీలూ గంటసేపు వాదించుకున్నాయి. చిన్నప్పటి భయం అన్నారు. అలవాటు అన్నారు. మెదడులో ఫలానా చోట లోపం అన్నారు. అంతా అయ్యాక ఆయన తలుపు తీసి, మన అంతస్తు ఊడ్చే అక్కని లోపలికి పిలిచారు. ఆమే ఆ కేసు. ఎందుకమ్మా లెక్కపెడతావు అని అడిగితే ఆవిడ చెప్పింది, "పదకొండో మెట్టు విరిగిపోయింది కదండీ సారు. బకెట్టు చేతిలో ఉంటే కింద కనబడదు."

క్లాసంతా ఎంత నవ్విందో. ఆయన నవ్వలేదు. నెమ్మదిగా ఆరో కుర్చీ ఒకటి తెచ్చి మధ్యలో వేశారు. "ఇది మీరెవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లది. ముందు వాళ్లని కూర్చోబెట్టి అడగండి. తర్వాత మీ ఇష్టం వచ్చినంత వాదించుకోండి" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఏ గదిలో పాఠం చెప్పినా మధ్యలో ఆ కుర్చీ ఉండేది. ఇదిగో, వేదిక మీద ఉన్నది అదే.

మరి ఆ పాఠం మాకెందుకు ఎక్కలేదు?

గత ఏడాది ఆయనలో మార్పు వచ్చింది. బోర్డు మీద కుడి సగంలోనే రాసేవారు. ఎడమ సగం నల్లగా అలాగే ఉండిపోయేది. తలుపు దాటుతుంటే ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకునేది. కంచంలో ఎడమ వైపు అన్నం అలాగే వదిలేసి, సరిపోలేదని మళ్లీ వడ్డించుకునేవారు.

భోజనాల బల్ల దగ్గర మా పాఠాలు చెప్పేవాళ్లకో పాడలవాటు ఉంది. ఎవరిలో ఏ కొత్త వింత కనబడినా దాన్ని కేసు చేసి, తలో కుర్చీ నుంచీ మాట్లాడతాం. ఆ ఆట మాకు నేర్పిందీ ఆయనే. ఆయన లేనప్పుడు మేము ఆయన్నే కేసు చేశాం. ఒకరన్నారు, పోయిన భార్య ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కనే కూర్చునేది, ఆ వైపు చూడలేకపోతున్నాడు అని. ఎంత అందంగా ఉందో చూడండి ఆ మాట. ఒకరన్నారు, కిటికీ వెలుగు బోర్డు ఎడమ వైపు పడుతుంది, అలవాటు మారింది అని. ఒకరన్నారు, ఆయన్ని ఆయన మానాన వదిలేయాలి అని. ఒకరన్నారు, పని ఎక్కువై ధ్యాస తగ్గింది అని.

నేనేమన్నాను? ఐదో కుర్చీ నాది. మెదడులో కుడి వైపు దెబ్బతింటే మనిషికి ఎడమ పక్క లోకం లేనట్టే అయిపోతుందని, అలాంటి రోగి గీసిన గడియారం బొమ్మలో అంకెలన్నీ కుడి వైపే ఉంటాయని, ఏటా ఆ బొమ్మ వేసి మరీ పాఠం చెప్పేది నేను. నేను "వయసు" అన్నాను. అని నవ్వాను.

అక్కడితో ఆగితే బాగుండేది. పరీక్ష పేపర్లు వచ్చాయి. ఆయన కుడి పేజీలకే మార్కులు వేశారు. ఎడమ పేజీలు దిద్దనేలేదు. పిల్లలు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చారు. నేను తలుపు వేసుకుని, ఆ ఎడమ పేజీలన్నీ నేనే దిద్ది, మార్కులు సరిచేసి, ఎవరికీ చెప్పకుండా కట్ట కట్టేశాను. పెద్దాయన పరువు కాపాడానని అనుకున్నాను. యాభై మూడు పేపర్లు. యాభై మూడుసార్లు నా కళ్లముందే ఉంది జబ్బు. నేను చదవలేదా? చదివాను.

ఆ తర్వాత వారంలోనే ఆయన భోజనాల గదికి వచ్చి, కుర్చీ లాక్కుని, మా మధ్యలో కూర్చున్నారు. "ఏమయ్యా, నా కేసు ఎంతవరకు వచ్చింది?" అన్నారు. ఆయనకి తెలుసు. ఆరో కుర్చీలో తనంతట తనే వచ్చి కూర్చుని, అడగండర్రా అన్నట్టు అడిగారు. మేమందరం నవ్వేసి పరీక్షల టైమ్‌టేబుల్ గురించి మాట్లాడాం.

అడిగింది ఎవరో తెలుసా? అదిగో, తలుపు దగ్గర నిలబడి ఉంది. మెట్లు లెక్కపెట్టే అక్క. "సారూ, మీకు ఎడమ పక్క కనబడట్లేదా?" అని అడిగింది. అడిగిన రోజు నుంచి మెట్ల మీద ఆయనకి ఎడమ పక్కనే నడిచింది. పదకొండో మెట్టు దగ్గర చెయ్యి పట్టుకుంది. పోరుపెట్టి ఆసుపత్రికి పంపింది. తలలో గడ్డ అన్నారు. మూడు నెలల ముందు వచ్చుంటే ఆపరేషన్‌కి వీలుండేదన్నారు. మూడు నెలల ముందు నేను పేపర్లు దిద్దుతున్నాను.

అమ్మా, ఆసుపత్రి వరండాలో నువ్వు నన్ను అడిగావు. "అంకుల్, నాన్న రోజంతా మీ మధ్యే ఉన్నారు కదా, మీలో ఒక్కరికీ ఏమీ అనిపించలేదా?" అని. నేను లేదమ్మా అన్నాను. అది అబద్ధం. అనిపించింది. అందరికీ అనిపించింది. నాకైతే తెలుసు కూడా. నన్ను క్షమించమని అడగను, ఆ మాట అడిగే హక్కు నాకు లేదు. మీ నాన్నని ఎవరూ పట్టించుకోలేదని మాత్రం అనుకోకు. పొద్దస్తమానం ఆయన గురించే మాట్లాడుకున్నాం. ఆయనతో మాట్లాడలేదు.

అక్కా, మీరు అక్కడ నిలబడొద్దు, ముందుకు రండి. వచ్చి ఆ అమ్మాయి ఎడమ పక్కన నిలబడండి.

మిగిలినవాళ్లం కూడా లేచి నిలబడదాం. ఈ రెండు నిమిషాలైనా ఆయన గురించి ఎవరమూ ఏమీ చెప్పకుండా ఉందాం.